మంగోలుల చరిత్రను సరిదిద్దండి: పోటీ పరీక్షల పుస్తకాలు రాసేవారికి బహిరంగ లేఖ

పోటీ పరీక్షల కోసం తెలుగులో చరిత్ర పుస్తకాలు రాస్తున్న రచయితలకు, వాటిని అచ్చువేస్తున్న ప్రచురణకర్తలకు, అదే చరిత్రను వీడియోల్లో చెబుతున్న అధ్యాపకులకు,

నమస్కారం.

లైబ్రరీ లేని ఊళ్లలో పిల్లలకు కూడా చరిత్ర పుస్తకం చేతికందేలా చేసింది మీరే. అందుకు కృతజ్ఞతలు. ఇక అసలు విషయానికి వస్తాను.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతాను. గ్రూప్స్‌కూ డీఎస్సీకీ చదువుకునే మా పాత విద్యార్థులు గైడ్లు పట్టుకుని సందేహాలు అడగడానికి వస్తుంటారు. ఆ గైడ్లలో మంగోలుల గురించీ, వాళ్ల తర్వాత ఏలిన వంశాల గురించీ ఉన్న తప్పులను పేజీ నంబర్లతో సహా రాసి ఒక ప్రచురణ సంస్థకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు రసీదు వచ్చింది, జవాబు రాలేదు. ఫోన్ చేస్తే ‘రచయితగారికి పంపించాం సార్’ అన్నారు. ఆ తర్వాత ‘సవరించిన ముద్రణ’ అని అట్ట మీద వేసుకుని వచ్చిన పుస్తకంలో అవే వాక్యాలు, ఒక్క అక్షరం మారకుండా ఉన్నాయి. బాగా ప్రచారంలో ఉన్న ఒక వీడియో కింద ఆధారాలతో రాసిన వ్యాఖ్యకు కూడా స్పందన లేదు. అందుకే అందరి ఎదుటా రాయాల్సి వచ్చింది. ఒక్కరిని పేరుపెట్టి వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. ఈ తప్పులు ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి ఎక్కుతూ వచ్చి ఇవాళ అందరివీ అయ్యాయి.

‘ఎక్కడో మంగోలియాలో పుట్టినవాళ్ల గొడవ మనకెందుకండీ, ఒక బిట్టు వస్తే గొప్ప’ అని నాతో అన్నవాళ్లున్నారు. ఓరుగల్లు ఎందుకు పడిపోయిందో చెప్పాలన్నా, గోల్కొండ ఏలిన వంశం మూలపురుషుడు స్వదేశం వదిలి ఇంత దూరం ఎందుకొచ్చాడో చెప్పాలన్నా మంగోలులు లేకుండా కుదరదు. అదంతా నాలుగో అంశంలో రాశాను. మొదట పరీక్షార్థుల మీద నేరుగా దెబ్బ పడుతున్న తప్పులు.

1. చెంగిజ్ ఖాన్ ముస్లిం కాదు.

‘మధ్య ఆసియాకు చెందిన ముస్లిం దండయాత్రికుడు చెంగిజ్ ఖాన్’ అని మొదలవుతుంది నా ముందున్న గైడులోని పేరా. తెమూజిన్ సుమారు 1162లో పుట్టాడు. 1206లో ఓనోన్ నది దగ్గర జరిగిన కురుల్తాయ్‌లో, అంటే మంగోలు తెగల మహాసభలో, చెంగిజ్ ఖాన్ అయ్యాడు. అతను కొలిచింది తెంగ్రిని, ఆకాశ దైవాన్ని. ‘ఖాన్’ అనేది గడ్డిమైదానాల తెగల్లో ఏలికకు ఇచ్చే బిరుదు. ఇస్లాంతో దానికి పుట్టుకతో వచ్చిన సంబంధమేమీ లేదు.

అతని చేతిలో అందరికంటే ఘోరంగా దెబ్బతిన్నది ముస్లిం రాజ్యాలే. 1218లో సిర్ దర్యా నది ఒడ్డునున్న ఒత్రార్‌లో ఖ్వారజ్మ్ రాజ్యపు అధికారి మంగోలుల వర్తక బిడారాన్ని పట్టుకుని, అందులోని వాళ్లను గూఢచారులని చంపించాడు. ఆ బిడారులోని వర్తకుల్లో ఎక్కువమంది ముస్లింలే అన్నది కూడా గుర్తుంచుకోవాలి. దానికి బదులుగా 1219లో మొదలైన దండయాత్రలో 1220లో బుఖారా, సమర్‌ఖండ్, 1221లో ఉర్గెంచ్, మెర్వ్, నిషాపూర్ నేలమట్టమయ్యాయి. మనవడు హులగు 1258 ఫిబ్రవరిలో బాగ్దాద్‌ను పట్టుకుని అబ్బాసీ ఖలీఫా ముస్తాసిమ్‌ను చంపించాడు. ఐదు వందల ఏళ్ల ఖలీఫా పీఠం అక్కడితో పోయింది. ఈ రెండు సంఘటనలూ మీ పుస్తకాల్లోనే ఇంకో అధ్యాయంలో ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు.

ఈ తప్పు ఒక మార్కుతో పోయేది కాదు. మా కాలేజీలో ఖాన్ అని పేరు చివర ఉన్న కుర్రాడు ఒకడు బీఏ చదివేవాడు. మధ్యయుగ చరిత్ర క్లాసులో చెంగిజ్ పేరు రాగానే వెనక బెంచీల్లోంచి ‘మీ తాతగారేరా’ అని నవ్వులు వినిపించాయి. వాడు తలెత్తకుండా నోట్సు రాసుకుంటూ కూర్చున్నాడు. నేను పాఠం ఆపి, బుఖారా మసీదులో ఏం జరిగిందో చెప్పాను. ఖురాన్ ప్రతులు ఉంచే పెట్టెలను గుర్రాలకు దాణా తొట్లుగా వాడుకున్నారని పర్షియన్ చరిత్రకారుడు జువైనీ రాసినది చదివి వినిపించాను. క్లాసు నిశ్శబ్దమైంది. ఆ తర్వాత మొదట నవ్విన పిల్లవాడే గైడు తెచ్చి చూపించాడు: ‘సార్, ఇందులో ఇలాగే ఉంది’ అన్నాడు. పిల్లల తప్పు కాదది. అచ్చులో ఉన్నదాన్ని నమ్మారు.

2. మంగోలులు, తైమూర్, మొఘలులు ముగ్గురూ ఒకటి కాదు.

‘ఢిల్లీని దోచుకున్న మంగోలు రాజు తైమూర్’ అని ఒకచోట, ‘మొదటి మొఘల్ దండయాత్ర 1398’ అని ఇంకోచోట ఉంది. మోడల్ పేపర్లలో ఇదే ప్రశ్నకు రెండు రకాల జవాబుల కీలు చూశాను. నిజం ఇదీ: 1336లో ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లోని కెష్ దగ్గర పుట్టిన తైమూర్ బర్లాస్ తెగవాడు. ఆ తెగ మూలాలు మంగోలులవే అయినా, అతని నాటికి వాళ్లు తుర్కీ మాట్లాడే ముస్లింలు. చెంగిజ్ రక్తం కానివాడు ఖాన్ కాకూడదన్న కట్టుబాటు ఆనాటికీ గట్టిగా ఉండేది. అందుకే అంత సామ్రాజ్యం ఏలినా తైమూర్ ఖాన్ అని పిలిపించుకోలేదు. అమీర్ అనే అన్నారు. చెంగిజ్ వంశస్థుడు ఒకరిని పేరుకు ఖాన్‌గా కూర్చోబెట్టాడు. చెంగిజ్ వంశపు ఆడపడుచు సరాయ్ ముల్క్ ఖానుమ్‌ను పెళ్లాడి ‘గుర్కాన్’, అంటే ఆ ఇంటి అల్లుడు, అన్న బిరుదు పెట్టుకున్నాడు. చచ్చి 140 ఏళ్లు దాటినా చెంగిజ్ పేరుకు ఎంత విలువ ఉందో ఈ ఒక్క విషయంతో పిల్లలకు బోధపడుతుంది. గైడ్లలో ఇది ఎక్కడా లేదు.

బాబర్ తండ్రి వైపు తైమూర్ సంతతి. తల్లి కుత్లుగ్ నిగార్ ఖానుమ్, చెంగిజ్ రెండో కొడుకు చగతాయ్ వంశానికి చెందిన యూనస్ ఖాన్ కూతురు. బాబర్ తనను తాను తుర్కుగా, తైమూర్ వారసుడిగా చెప్పుకున్నాడు. తన ఆత్మకథలో మొఘలుల మీద, అంటే మంగోలు తెగల మీద, కటువైన మాటలే రాశాడు. ఆ వంశం తమను గుర్కానీలుగా చెప్పుకుంది. మొఘలులు అన్న పేరు బయటివాళ్లు పెట్టి స్థిరపరిచింది. ఇది నాలుగు వాక్యాల్లో చెప్పదగ్గ విషయం. చెప్పకపోతే ఏమవుతోందో చూడండి: తప్పు జవాబుకు మార్కు కోసే పరీక్షల్లో, బాగా చదివిన పిల్లవాడు సరైనది పెట్టాలా, గైడులో ఉన్నది పెట్టాలా అని తన్నుకులాడి రెండు విధాలా నష్టపోతున్నాడు. అశోక్‌నగర్‌లోనో అవనిగడ్డలోనో చిన్న గదికి అద్దె కట్టుకుంటూ, ఇంటి నుంచి వచ్చే డబ్బు మీద బతికే వాళ్లకు ఒక్క మార్కంటే ఇంకో ఏడాది జీవితం.

3. చెంగిజ్‌తో మొదలుపెట్టి చెంగిజ్‌తోనే ఆపేస్తున్నారు.

‘1227లో చెంగిజ్ మరణించడంతో మంగోలు సామ్రాజ్యం పతనమైంది’ అన్న వాక్యం కనీసం మూడు వేర్వేరు గైడ్లలో ఉంది. జరిగింది సరిగ్గా దీనికి విరుద్ధం. అతను పోయేనాటికి చైనాలో దక్షిణ సోంగ్ రాజ్యం, బాగ్దాద్, రష్యా రాజ్యాలు, కొరియా ఇంకా పూర్తిగా చేతికి రాలేదు. మూడో కొడుకు ఒగొదేయ్ 1229లో మహాఖాన్ అయ్యాడు. అతని కాలంలోనే అన్న జోచి కొడుకు బాతు సేనలు రష్యాను తొక్కి హంగరీ దాకా వెళ్లాయి. 1241 డిసెంబరులో ఒగొదేయ్ చనిపోయాక వెనుదిరిగాయి. 1251లో చెంగిజ్ మరో మనవడు మోంగ్కె మహాఖాన్ అయ్యాడు. అతని తమ్ముళ్లలో హులగు పడమటికి, కుబ్లాయ్ తూర్పుకు వెళ్లారు. కుబ్లాయ్ 1271లో యువాన్ వంశాన్ని ప్రకటించి, 1279 నాటికి సోంగ్ రాజ్యాన్ని ముగించాడు. సామ్రాజ్యం చేరుకున్న అత్యధిక విస్తీర్ణం ఆ రోజుల్లోది, చెంగిజ్ కాలానిది కాదు.

ఆ తర్వాత అది నాలుగు ఇళ్లుగా చీలింది. చైనాలో యువాన్, పర్షియాలో ఇల్ఖాన్లు, రష్యా మైదానాల్లో గోల్డెన్ హోర్డ్, మధ్య ఆసియాలో చగతాయ్ రాజ్యం. ఢిల్లీ సుల్తానుల మీదికి పదే పదే వచ్చినవాళ్లు ఎక్కువగా ఈ నాలుగో ఇంటివాళ్లు. ‘మంగోలులు’ అని ఒక్క మాటతో తేల్చేస్తే ఎవరు ఎవరితో పోట్లాడుతున్నారో పిల్లలకు అర్థం కాదు. ఇస్లాం స్వీకరించిన గోల్డెన్ హోర్డ్ ఏలిక బెర్కె తన పినతండ్రి కొడుకు హులగు మీదే 1262లో యుద్ధానికి దిగాడు. 1260 సెప్టెంబరులో ఐన్ జాలూత్ దగ్గర ఈజిప్టు మమ్లూకులు హులగు సేనను ఓడించారు. ఆ మమ్లూకులూ బెర్కె తర్వాత మిత్రులయ్యారు. ఇల్ఖాన్లలో గజన్ 1295లో ఇస్లాంలోకి మారాడు. యువాన్లు టిబెట్ బౌద్ధానికి దగ్గరయ్యారు. 1578లో మంగోలు నాయకుడు అల్తాన్ ఖాన్ ఇచ్చిన బిరుదే దలైలామా. నాలుగో దలైలామా ఆ అల్తాన్ ఖాన్ మునిమనవడు. అమరావతి కాలచక్రానికి వెళ్లొచ్చిన మా పిల్లల్లో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు.

చివరిదాకా చెప్పండి. యువాన్లు 1368లో చైనా వదిలారు. మాస్కో 1480లో ఉగ్రా నది దగ్గర గోల్డెన్ హోర్డ్‌కు తలవంచడం మానేసింది. క్రిమియాలో చెంగిజ్ వంశపు ఖాన్లు 1783లో రష్యా ఆ భూమిని కలుపుకునే దాకా, బుఖారాలో అదే వంశపు మరో శాఖ 1785 దాకా ఏలాయి. ‘1227లో పతనం’ ఎక్కడ, 1785 ఎక్కడ!

ఇంకొక లోటు కూడా ఇక్కడే చెప్పాలి. ఒగొదేయ్ పోయాక ఐదేళ్లు సామ్రాజ్యాన్ని నడిపింది అతని భార్య తొరెగెనె. మోంగ్కె, కుబ్లాయ్, హులగు ముగ్గురినీ పెంచి, పెద్దవాణ్ని మహాఖాన్ చేసే ఎత్తు వేసింది వాళ్ల తల్లి సొర్ఖఖ్తాని. ఆమె క్రైస్తవురాలు. రజియా, రుద్రమదేవి పాలించింది కూడా ఇదే శతాబ్దంలో. ముగ్గురు నలుగురు స్త్రీలను ఒకే శతాబ్దపు పటం మీద పక్కపక్కన పెట్టి చూపించే అవకాశాన్ని మీ పుస్తకాలు వదులుకుంటున్నాయి. డీఎస్సీ రాసే వాళ్లలో ఆడపిల్లలు ఎంతమందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

4. కాకతీయుల చరిత్ర నుంచి మంగోలులను తీసేశారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ‘1303లో అల్లావుద్దీన్ ఖిల్జీ ఓరుగల్లు మీదికి పంపిన సైన్యం ఉప్పరపల్లి దగ్గర ఓడిపోయింది’ అని ప్రతి గైడులోనూ ఉంది. ‘1303లో తర్గీ నాయకత్వంలో మంగోలులు ఢిల్లీని ముట్టడించారు’ అని అదే పుస్తకంలో వంద పేజీల తర్వాత ఉంది. ఈ రెండూ ఒకే ఏడాదివి, ఒకే రాజు నెత్తిన పడ్డవి అని ఎవరూ చెప్పరు.

ఆ ఏడాది అల్లావుద్దీన్ చిత్తోడ్ ముట్టడిలో ఉన్నాడు. మరో సైన్యం బెంగాల్, ఒరిస్సా మీదుగా వానాకాలంలో తెలుగు దేశానికి వచ్చి, దెబ్బతిని వెనక్కి పోయింది. సరిగ్గా ఆ సందు చూసి తర్గీ యమునా తీరానికి వచ్చి కూర్చున్నాడు. చిత్తోడ్ నుంచి అలసి వచ్చిన సుల్తాను సిరి మైదానంలో కందకాలు తవ్వుకుని రెండు నెలలు బిక్కుబిక్కుమంటూ గడిపాడు. ఓరుగల్లు నుంచి తిరిగొచ్చిన సైన్యం ఢిల్లీని చేరుకోలేకపోయింది. మంగోలులు తమంతట తామే వెళ్లిపోయారు గనుక సుల్తానత్ బతికింది. ఉప్పరపల్లిలో తెలుగు సేన కొట్టిన దెబ్బ ఢిల్లీ గుమ్మం దగ్గర ఎంత లోతుగా దిగిందో దీన్నిబట్టి తెలుస్తుంది. మన పిల్లలకు ఇది చెప్పుకోదగ్గ విషయం కాదా?

ఆ భయం తర్వాతే సిరి కోట లేచింది. పెద్ద శాశ్వత సైన్యం, గుర్రాలకు ముద్రలు, రౌతుకు ఏడాదికి 234 టంకాల జీతం, ఆ జీతంతో వాడు బతకగలిగేలా ధాన్యం నుంచి గుడ్డ దాకా ధరల కట్టడి, దోఆబ్‌లో, అంటే గంగా యమునల మధ్య నేలలో, రైతు పంటలో సగం శిస్తు. ‘అల్లావుద్దీన్ మార్కెట్ సంస్కరణలు’ అని పదేసి బిట్లు ఇస్తారు గాని, వాటి వెనకున్న కారణం ముక్తసరిగా అర వాక్యం. చరిత్రకారుడు బరనీ ఆ కారణాన్ని సూటిగానే రాశాడు: మంగోలులను ఎదుర్కోవడానికి సైన్యం కావాలి, ఆ సైన్యాన్ని తక్కువ జీతంతో పోషించాలి. ఆ సైన్యానికి ఖజానా నిండాలి. 1309లో బయలుదేరిన మలిక్ కాఫూర్ ఓరుగల్లును చుట్టుముట్టి ప్రతాపరుద్రుడి నుంచి ఏనుగులు, గుర్రాలు, బంగారం పట్టుకుపోవడం వెనక ఈ అవసరం కూడా ఉంది. ఒక్క కారణమే అనను. కాని అసలు లేనట్టు రాయడం అన్యాయం.

ఇక 1323. ఓరుగల్లును పడగొట్టి ప్రతాపరుద్రుణ్ని బందీగా తీసుకుపోయిన ఉలుగ్ ఖాన్ తండ్రి గియాసుద్దీన్ తుగ్లక్. సుల్తాను కాకముందు ఆయన దీపాల్‌పూర్ సరిహద్దును కాచిన ఘాజీ మలిక్. తాతార్లతో, అంటే మంగోలులతో, 29 సార్లు పోరాడి గెలిచానని ముల్తాన్ మసీదులో చెక్కించుకున్న శాసనాన్ని చూశానని ఇబ్న్ బతూతా రాశాడు. మన కోట గోడల మీదికి వచ్చింది మంగోలు సరిహద్దులో ఏళ్ల తరబడి రాటుదేలిన సేనానుల కుటుంబం. ఓరుగల్లు మట్టికోట చుట్టూ తిరిగి వచ్చిన విద్యార్థికి ఈ ముక్క చెబితే ‘అంత గొప్ప రాజ్యం ఎందుకు ఓడిందండీ’ అన్న ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. ఇప్పుడు గైడ్లు ఇచ్చే జవాబు ‘నాయంకరుల అనైక్యత’, అంటే కాకతీయుల కింది సేనానాయకుల మధ్య ఐకమత్యం లేకపోవడం, ఒక్కటే.

గోల్కొండ కథ కూడా అక్కడిదే. 1335లో ఇల్ఖాన్ అబూ సయీద్ వారసుడు లేకుండా పోయాక పర్షియా ముక్కలైంది. ఆ ముక్కల్లోంచి పైకొచ్చిన తుర్క్‌మెన్ వంశాల్లో కరా కొయున్లు ఒకటి. అది 1467 తర్వాత శత్రువుల చేతిలో దెబ్బతింటే, హమదాన్ ప్రాంతం నుంచి దక్కనుకు వలస వచ్చిన ఆ ఇంటి కుర్రాడే గోల్కొండ కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ. నిజాముల మూలపురుషుడు ఖ్వాజా ఆబిద్, 1687లో గోల్కొండ ముట్టడిలో చనిపోయినవాడు, సమర్‌ఖండ్, బుఖారా వైపు నుంచి వచ్చాడు. ఆనాడు ఆ నగరాలను ఏలుతున్నది చెంగిజ్ సంతతే.

5. రుద్రమదేవిని మార్కోపోలో కలవలేదు.

‘రుద్రమదేవి ఆస్థానాన్ని సందర్శించిన వెనిస్ యాత్రికుడు’ అన్న ప్రశ్న మోడల్ పేపర్లలో తప్పకుండా ఉంటుంది. మార్కోపోలో కుబ్లాయ్ ఖాన్ కొలువులో ఏళ్లతరబడి పనిచేశాడు. పర్షియా ఇల్ఖాన్ అర్ఘూన్‌కు పెళ్లికూతురుగా పంపిన కొకెచిన్ అనే మంగోలు రాకుమారికి తోడుగా 1290ల మొదట్లో చైనా రేవు నుంచి ఓడల్లో బయలుదేరాడు. వాళ్లు చేరేసరికి అర్ఘూన్ చనిపోయాడు. ఆమెను గజన్‌కు ఇచ్చి చేశారు. మోటుపల్లి రాజ్యం గురించి, అక్కడి వజ్రాల గురించి, సాలెగూడంత పలచని నేత గురించి, న్యాయంగా పాలించిన రాణి గురించి ఆయన రాసింది నిజమే. కాని నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం ప్రకారం 1289 నవంబరు నాటికే రుద్రమ కన్నుమూసింది. ఆమెను మార్కోపోలో రాజుగారి భార్యగా, వితంతువుగా రాశాడు. గణపతిదేవుడికి ఆమె కూతురు. దగ్గరుండి చూసినవాడు రాసే రాత కాదిది. రేవుల్లో విన్నది రాశాడు. ఆస్థానం, సందర్శన అన్నవి మీరు కలిపినవి.

అదే చోట చెప్పదగ్గ అసలు విషయం వదిలేశారు. ఓడ బద్దలై సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు లాగేసుకునేవారు. ఇక అలా జరగదు, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అని గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. కుబ్లాయ్ చైనా మొత్తాన్ని గెలుచుకున్నాక ఈ సముద్ర దారి ఇంకా కిటకిటలాడింది. చైనాలోని చువాన్‌జౌ రేవులో శివాలయానికి సంబంధించిన 1281 నాటి తమిళ శాసనం దొరికింది. ఇవాళ బాపట్ల జిల్లాలో పల్లెటూరుగా ఉన్న మోటుపల్లి ఏ ప్రపంచంలో భాగమో ఆ ఊరి పిల్లలకైనా తెలియాలి.

6. సంఖ్యలు, సంచలనాలు.

వీడియోలు చేసే మిత్రులకు ఇది ప్రత్యేకంగా. ‘ప్రపంచంలో ప్రతి 200 మంది మగవాళ్లలో ఒకడు చెంగిజ్ సంతానం’ అని తేల్చి చెప్పకండి. 2003లో వచ్చిన జన్యు పరిశోధన ఆసియాలో విస్తారంగా కనిపించే ఒక పితృరేఖను గుర్తించి, అది చెంగిజ్ వంశానిది కావచ్చని ఊహించింది. చెంగిజ్ సమాధి ఇంతవరకు దొరకలేదు. పోల్చి చూడటానికి అతని అవశేషమే లేదు. అలాగే మెర్వ్‌లో 13 లక్షల మందిని చంపారని జువైనీ రాశాడు. ఆ కాలంలో ఆ నగరం అంతమందిని పోషించగలదా అని చరిత్రకారులు అడుగుతూనే ఉన్నారు. హులగు ఫ్రాన్సు రాజుకు రాసిన ఉత్తరంలో బాగ్దాద్‌లో రెండు లక్షల మందికి పైగా చచ్చారని గొప్పగా చెప్పుకున్నాడు. సంఖ్య చెప్పండి, దాంతోపాటే అది ఎవరి నోటి మాటో కూడా చెప్పండి.

దీనర్థం దారుణాలను తగ్గించి చెప్పమని కాదు. కొత్తగా ఇంకో ధోరణి మొదలైంది. చెంగిజ్‌ను నాయకత్వ పాఠాలకు ఆదర్శంగా చూపే వీడియోలు వస్తున్నాయి. ప్రతిభను బట్టి పదవి ఇచ్చాడు, అన్ని మతాల పూజారులకూ పన్ను తీసేశాడు, యామ్ అనే అంచె టపాతో ఖండాన్ని కలిపాడు. అన్నీ నిజాలే. నిషాపూర్ కూడా నిజమే. పట్టణం పడగానే చేతిపనివాళ్లను విడిగా నిలబెట్టి వేల మైళ్లు తరలించుకుపోయేవారు. హంగరీ దండయాత్రలో పట్టుబడ్డ పారిస్ కంసాలి ఒకడు మంగోలుల రాజధాని కారకోరంలో మహాఖాన్ కోసం మద్యం ధారలు కురిసే వెండి చెట్టు చేశాడు. పట్టణంలోని మిగతావాళ్లను తరువాతి కోట ముట్టడిలో ముందు వరసన నడిపించేవారు. ఖురాసాన్‌లో భూగర్భ కాలువలను చూసుకునే మనుషులు పోవడంతో నీళ్లు ఆగి, పొలాలు బీడుపడ్డాయి. చెరువు తెగితే ఊరు ఏమవుతుందో తెలిసిన మనకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. గెలిచినవాడి తెలివి ఒక్కటే చెప్పి, ఆ కాలువ చివర రైతును వదిలేస్తే అది చరిత్ర కాదు.

మా డిమాండ్లు ఇవి. ఇవి నా ఒక్కడివి కావు, ఈ పుస్తకాలు కొని చదువుతున్న వాళ్లవి.

1. పైన చెప్పిన తప్పులను వచ్చే ముద్రణలో సరిదిద్దండి. ఇప్పటికే అమ్మిన పుస్తకాల కోసం తప్పొప్పుల పట్టిక వేసి, దుకాణాల్లో ఉచితంగా ఇవ్వండి. మీ వెబ్‌సైట్లలో పెట్టండి. ఒక్క కాగితం ఖర్చు.

2. ‘సవరించిన ముద్రణ’ అని అట్ట మీద వేస్తే ఏ పేజీలో ఏం సవరించారో లోపల రాయండి. పాత పుస్తకం ఉన్నవాడు మళ్లీ కొనాలా వద్దా అన్నది అప్పుడు తేల్చుకుంటాడు.

3. ఈ కాలం మీద పనిచేసిన అధ్యాపకులు మన విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. అచ్చుకు ముందు ఒక్కసారి వాళ్లకు చూపించండి. పారితోషికం ఇచ్చి చూపించండి.

4. పేర్లకు ఒక పద్ధతి పాటించండి. ఒకే పుస్తకంలో చెంగిజ్, జెంఘిజ్, చంఘీజ్ అని మూడు రకాలుగా రాస్తే ముగ్గురు మనుషులనుకుంటున్నారు. హలాకు, హులగు వేర్వేరు రాజులని నోట్సులో రాసుకున్న అమ్మాయిని నేను చూశాను.

5. నాలుగు ఖాన్ రాజ్యాల పటం, చెంగిజ్ నుంచి బాబర్ దాకా వంశవృక్షం ఇవ్వండి. తైమూర్ గీత వేరు, చెంగిజ్ గీత వేరు అని అందులో స్పష్టంగా కనపడాలి.

6. కాకతీయుల అధ్యాయంలో 1303, 1309, 1323 దండయాత్రల దగ్గర వాయవ్య సరిహద్దులో అప్పుడు ఏం జరుగుతోందో ఒక్కొక్క పేరా చేర్చండి.

7. వీడియోలు తీసెయ్యమని అడగడం లేదు. తప్పు ఉన్నచోట సవరణను వివరణలో మొదటి వరసలో రాసి, వ్యాఖ్యల్లో పైన నిలపండి. చెంగిజ్‌ను ముస్లిం దండయాత్రికుడిగా చూపే శీర్షికలను, ముఖచిత్రాలను మాత్రం వెంటనే మార్చండి. దాని ఫలితం క్లాసురూముల్లో కనిపిస్తోంది.

8. ప్రశ్నపత్రాలు తయారుచేసే నిపుణులకు ఒక విన్నపం. గైడ్లను ఆధారంగా తీసుకోకండి. మార్కోపోలో వంటి ప్రశ్నల్లో ‘ఆస్థానాన్ని సందర్శించాడు’ అన్న మాట తీసేసి ‘మోటుపల్లి గురించి రాశాడు’ అంటే సరిపోతుంది.

తప్పొప్పుల పట్టిక పేజీ నంబర్లతో, ఆధారాలతో నా దగ్గర సిద్ధంగా ఉంది. ఏ ప్రచురణకర్త అడిగినా, ఏ అధ్యాపకుడు అడిగినా ఉచితంగా ఇస్తాను. ప్రూఫులు చూసిపెట్టమన్నా చూస్తాను. నేను రాసినదాంట్లో కాదనేది ఉంటే ఆధారం చూపించండి, బహిరంగంగానే ఒప్పుకుంటాను. కొత్త ముద్రణలు ప్రెస్సుకు వెళ్లే లోపు మీ నుంచి జవాబు రావాలని కోరుతున్నాను. రాకపోతే ఆ పట్టికను మేమే అచ్చువేయించి, కోచింగ్ సెంటర్ల దగ్గర, జిల్లా గ్రంథాలయాల్లో పరీక్షార్థుల చేతికి ఇస్తాం.

ఇట్లు,
చరిత్ర అధ్యాపకుడు